చీటీ పాట: ఓడినవాళ్లకూ వాటా ఉండే వేలం

నెల మొదటి ఆదివారం. వసారాలో చాప, చాప మీద చీటీల పుస్తకం, చుట్టూ పదిహేను మందో ఇరవై మందో. ఒకరు 'పదిహేను' అంటారు, అంటే ఈ నెల చీటీ తనకిస్తే అందులో పదిహేను వేలు వదులుకుంటానని. ఇంకొకరు 'పదహారు' అంటారు. గోడకానుకుని కూర్చున్న రిటైర్డ్ మాస్టారికి ఈ నెల డబ్బుతో పనేమీ లేదని అందరికీ తెలుసు. అయినా ఆయన నెమ్మదిగా 'పదిహేడు' అంటారు. చీటీ అక్కర్లేని మనిషి పాటెందుకు పాడుతున్నట్టు? గేమ్ థియరీ (ఎదుటివాళ్ల ఎత్తుల్ని బట్టి మన ఎత్తు తేల్చుకునే శాస్త్రం) చదివినవాళ్లకి ఒక పూట గడిచిపోయేంత ప్రశ్న ఇది.

ముందు లెక్క చూద్దాం. లక్ష రూపాయల చీటీ, ఇరవై మంది, నెలకి ఐదు వేలు, ఇరవై నెలలు. మొదటి నెల ఒకాయన పాతిక వేలు వదులుకుని పాడాడనుకోండి. చేతికి డెబ్బై అయిదు వేలు వస్తుంది. నిర్వాహకుడి కమీషన్ ఐదు వేలు పోగా మిగిలిన ఇరవై వేలూ ఇరవై మందికీ తలా వెయ్యి. (మొదటి చీటీ నిర్వాహకుడే తీసుకునే పద్ధతి చాలాచోట్ల ఉంది. లెక్క తేలిక కోసం దాన్ని వదిలేశాను.) పాట నెలనెలా సమంగా తగ్గుతూ చివరి నెలకి కమీషన్ దగ్గర ఆగిందనుకుందాం. అప్పుడు ప్రతివాళ్లూ మొత్తం మీద కట్టేది తొంభై వేలు. చివరిదాకా ఆగినవాళ్లకి తొంభై అయిదు వేలు వస్తుంది. మొదట ఎత్తుకున్నాయన డెబ్బై అయిదు తీసుకుని తొంభై కడతాడు. అంటే ఒకే చీటీ ఒకరికి అప్పు, ఇంకొకరికి పొదుపు. వడ్డీ ఎంతో ఎవరూ రాసి పెట్టరు, పాటే తేలుస్తుంది.

మామూలు వేలంలో ఓడినవాడికి ధరతో పనిలేదు. వేలాల సిద్ధాంతానికి పునాది వేసిన విలియం వికరీ 1961 నాటి వ్యాసం చదివితే, బహిరంగ పాటలో తెలివైన పని తేలిగ్గా తెలుస్తుంది: ఆ వస్తువు మీకెంత విలువో అంతవరకూ పాడండి, దాటగానే ఊరుకోండి. (1996లో నోబెల్ ప్రకటించిన మూడు రోజులకే ఆయన పోయారు.) చీటీలో ఈ సూత్రం సరిగ్గా పనిచెయ్యదు. ఇక్కడ గెలిచినవాడు వదులుకున్న సొమ్ము ఓడినవాళ్లకే పంపకమవుతుంది. అన్నదమ్ములు ఉమ్మడి ఇల్లు తమలో తాము పాడుకునేటప్పుడూ ఇదే మెలిక. ఇల్లు వద్దనుకున్న తమ్ముడికి కూడా పాట పెరిగితే లాభమే. భాగస్వాములు విడిపోయేటప్పుడు ఆస్తి ఎవరికి చెందాలన్న సమస్యని క్రామ్టన్, గిబ్బన్స్, క్లెంపరర్ అనే ఆర్థికవేత్తలు 1987లో గణితంలోకి దించారు. చీటీ దానికి దగ్గరి చుట్టం.

మాస్టారి ఎత్తు అదన్నమాట. అయితే ఆ ఎత్తులో లాభం ఎంత? ఆయన పాట వల్ల ధర పదహారు నుంచి పద్దెనిమిదికి ఎగబాకితే అదనంగా వచ్చేది రెండు వేలు. అందులో ఆయన వాటా ఇరవయ్యో వంతు, అంటే వంద రూపాయలు. ఎదుటివాడు పదిహేడు దగ్గర నోరు మూసుకున్నాడో, అక్కర్లేని చీటీ పదిహేడు వేల కోతతో మాస్టారి ఒళ్లో పడుతుంది. వందకోసం వేలు పణంగా పెట్టడమన్నమాట. అందుకే ఈ పని చేసేవాళ్లు ఎదుటివాడి మొహం చదవగలగాలి, ఇంట్లో పెళ్లి ముహూర్తం ఎప్పుడో ముందే ఆరా తీసి ఉండాలి. ఫోన్లో పాట పాడే రోజుల్లో ఈ విద్యకి గిరాకీ తగ్గిందనే నా అనుమానం.

దీనికి తలకిందులైన ఎత్తు కూడా ఉంది. డబ్బు అవసరమైన నలుగురు కూడబలుక్కుని 'ఈ నెల నీది, వచ్చే నెల నాది' అనుకుంటే పాట లేవదు. మామూలు వేలంలో ఇలాంటి కుమ్మక్కు అమ్మేవాడిని ముంచుతుంది. చీటీలో అమ్మేవాడంటూ వేరే లేడు కాబట్టి మునిగేది చివరిదాకా ఆగి డివిడెండ్ (నెలనెలా పంచే సొమ్ములో వాటా) మీద ఆశపెట్టుకున్నవాళ్లే.

అసలు చిక్కు మాత్రం మరీ ఎక్కువ పాడేవాడితో వస్తుంది. ఆర్థికవేత్తలు స్టిగ్లిట్జ్, వైస్ 1981లో బ్యాంకుల గురించి చెప్పిన మాట ఇక్కడ సూటిగా తగులుతుంది: వడ్డీ పెరిగేకొద్దీ నికరంగా తీర్చేవాళ్లు తప్పుకుంటారు, తీర్చే ఉద్దేశం లేనివాళ్లకి వడ్డీ ఎంతయినా ఒకటే. అలాగే ఎంతకైనా పాడేవాడు ఆసుపత్రి ఖర్చుకి తల్లడిల్లేవాడైనా కావచ్చు, వచ్చే నెల నుంచి కనిపించనివాడైనా కావచ్చు. ఇద్దరి పాటా ఒకేలా వినిపిస్తుంది. 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టం తగ్గింపుకి, అంటే పాడినవాడు వదులుకునే సొమ్ముకి, గరిష్ఠ పరిమితి పెట్టింది. ఒకరికి మించి ఆ పరిమితి దాకా పాడితే లాటరీ తియ్యమంది. పాటని నమ్మినంతసేపు నమ్మి, అబద్ధమాడే చోటుకి రాగానే చిట్టీలు వేసి తియ్యడం నా దృష్టిలో మంచి ఏర్పాటే. కానీ పరిమితి తగిలాక నిజంగా అవసరమున్నవాడికి ఆ నెల చీటీ దక్కకపోవచ్చు, అదీ ఒప్పుకోవాలి.

ఇదే చట్టం కమీషన్ అయిదు శాతం మించకూడదంది, 2019 సవరణ ఆ పరిమితిని ఏడుకి పెంచింది. ఊళ్లో నమోదు లేకుండా నడిచే చీటీలకి ఈ అంకెలేవీ పట్టవు.

అక్కడే సిద్ధాంతం కొంచెం తడబడుతుంది. మొదటి నెలే ఎత్తుకున్నవాడు మిగిలిన పంతొమ్మిది వాయిదాలూ ఎందుకు కడతాడు? ఇరవయ్యో నెల నుంచి వెనక్కి లెక్కేసుకుంటూ రండి. చివరి నెలలో అప్పటికే ఎత్తుకున్నవాళ్లెవరికీ కట్టాల్సిన అవసరం కనిపించదు. అది తెలిసి పంతొమ్మిదో నెలలోనూ కనిపించదు. అలా వెనక్కి వస్తే చీటీ మొదలే కాకూడదు. కంపెనీ చీటీల్లో దీనికి జవాబు ష్యూరిటీ సంతకాలు. వసారా చీటీల్లో మాత్రం, చీటీలు వేసే ఆవిడ పుస్తకంలో ఈ ఇరవయ్యో పేజీ అయిపోయాక ఇంకో చీటీ మొదలవుతుంది. అందులో ఎవరిని చేర్చుకోవాలో, ఎవరిని వద్దనాలో ఆవిడకి తెలుసు, వీధి మొత్తానికీ తెలుసు.