గోల్ ముందు నుంచి డ్యూమా దాకా: త్రెత్యాక్ ప్రస్థానం, రష్యా హాకీ బహిష్కరణ

మిలాన్-కోర్టినా శీతాకాల ఒలింపిక్స్ ఐస్ హాకీలో రష్యాకు చోటు లేదని అంతర్జాతీయ ఐస్ హాకీ సమాఖ్య 2025 ఫిబ్రవరిలోనే తేల్చేసింది. ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైన నాటి నుంచి సీజన్ తర్వాత సీజన్ ఇదే నిర్ణయం. ఆటగాళ్లు, సిబ్బంది, ప్రేక్షకుల భద్రతకు హామీ ఇవ్వలేమన్నది సమాఖ్య చెబుతున్న కారణం. ఆటను రాజకీయాలతో ముడిపెట్టవద్దన్నది మాస్కో నుంచి వస్తున్న జవాబు. రష్యా హాకీ సమాఖ్యకు 2006 నుంచి అధ్యక్షుడు ఒకప్పటి సోవియట్ గోల్‌కీపర్ వ్లదిస్లావ్ త్రెత్యాక్. అంతకు మూడేళ్ల ముందు నుంచే ఆయన రష్యా పార్లమెంటు దిగువ సభ అయిన డ్యూమాలో సభ్యుడు, పుతిన్ వెనుక నిలిచిన యునైటెడ్ రష్యా పార్టీ మనిషి. ఈ వివాదం ఎక్కడ మొదలైందో తెలియాలంటే ఆయన జీవితం చూస్తే చాలు.

త్రెత్యాక్ 1952 ఏప్రిల్ 25న మాస్కోకు ఉత్తరాన ద్మీత్రొవ్ ప్రాంతంలో పుట్టాడు. తండ్రి సైనిక పైలట్, తల్లి వ్యాయామ ఉపాధ్యాయురాలు. పదకొండేళ్లప్పుడు సైన్యానికి చెందిన సీఎస్‌కేఏ క్లబ్బు బాలల విభాగంలో చేరాడు. సోవియట్ హాకీకి పితామహుడనదగ్గ కోచ్ అనతోలీ తరాసోవ్ కంటపడ్డాడు. పదిహేడేళ్లకే పెద్దల జట్టులో గోల్ ముందు నిలబడ్డాడు. ఇక్కడ ఒక సంగతి గమనించాలి. సీఎస్‌కేఏ ఆటగాళ్లంతా కాగితాల మీద సైన్యాధికారులు. జీతం సైన్యం ఇస్తుంది, ఏడాది పొడవునా వాళ్లు చేసేది హాకీ ఆడటం. ఒలింపిక్స్ నిబంధనల లెక్కలో మాత్రం వాళ్లు డబ్బు కోసం ఆడని అమెచ్యూర్లు. తమ ప్రొఫెషనల్ ఆటగాళ్లకు అనుమతి లేకపోవడం అన్యాయమని కెనడా 1970 నుంచి కొన్నేళ్లపాటు ప్రపంచ పోటీలనే బహిష్కరించింది, 1972, 1976 ఒలింపిక్స్‌కూ రాలేదు. అంటే త్రెత్యాక్ ఆట నేర్చుకున్న రోజుల్లోనే హాకీకీ ప్రభుత్వానికీ మధ్య గోడ అంటూ ఏదీ లేదు.

కెనడా అసలైన ప్రొఫెషనల్ ఆటగాళ్లు సోవియట్ జట్టుతో తలపడింది 1972 సెప్టెంబర్‌లో, ఎనిమిది మ్యాచ్‌ల సిరీస్‌లో. అంతకు ముందు మాస్కో వెళ్లిన కెనడా పరిశీలకులు ఒక ప్రాక్టీస్ మ్యాచ్‌లో త్రెత్యాక్ గోల్ మీద గోల్ వదిలేయడం చూశారు. గోల్‌కీపరే ఆ జట్టు బలహీనత అని రాసుకుని వెళ్లారు. ఆ కుర్రాడు పెళ్లి హడావుడిలో ఉన్న సంగతి వాళ్లకు తెలియదు. మొదటి మ్యాచ్ మాంట్రియల్‌లో. ఆట మొదలయ్యే ముందు కెనడా దిగ్గజ గోల్‌కీపర్ జాక్ ప్లాంట్ దుబాసీని వెంటబెట్టుకుని సోవియట్ జట్టు గదిలోకి వచ్చాడు. ఏ కెనడా ఆటగాడు ఎటు నుంచి ఎలా కొడతాడో బోర్డు మీద గీసి మరీ త్రెత్యాక్‌కు చూపించాడు. ఇరవై ఏళ్ల పిల్లవాడు దారుణంగా ఓడిపోతాడేమోనని జాలిపడి వచ్చాడని అంటారు. కెనడా ఏడు నిమిషాల్లోపే రెండు గోల్స్ కొట్టింది. చివరికి మాత్రం సోవియట్ జట్టు 7-3తో గెలిచింది. సిరీస్ ఆఖరి మ్యాచ్‌లో, మాస్కోలో, ఇంకా 34 సెకన్లు ఉందనగా పాల్ హెండర్సన్ కొట్టిన గోల్‌తో కెనడా సిరీస్ గెలిచి ఊపిరి పీల్చుకుంది. ఆ ఎనిమిది మ్యాచ్‌లూ త్రెత్యాకే ఆడాడు. నాటి నుంచి కెనడాలో ఆయన పేరు తెలియని హాకీ అభిమాని లేడు. 1975 డిసెంబర్ 31 రాత్రి కెనడా ప్రొఫెషనల్ క్లబ్బు మాంట్రియల్ కెనడియన్స్ మీద సీఎస్‌కేఏ 3-3తో డ్రా చేసుకున్న మ్యాచ్‌లో ఆయన వైపు 38 షాట్లు వచ్చాయి, అవతలి గోల్ వైపు వెళ్లినవి 13 మాత్రమే.

పతకాల చిట్టా పెద్దదే. 1972 సప్పోరో, 1976 ఇన్స్‌బ్రుక్, 1984 సరయెవో ఒలింపిక్స్‌లో స్వర్ణాలు, పది ప్రపంచ టైటిళ్లు, క్లబ్బుతో 13 జాతీయ టైటిళ్లు. అయినా బయటి ప్రపంచం ఎక్కువగా చెప్పుకునేది ఆయన ఓడిన మ్యాచ్ గురించే.

1980 ఫిబ్రవరి 22, లేక్ ప్లాసిడ్. ఎదురుగా అమెరికా కాలేజీ కుర్రాళ్లు. మొదటి పీరియడ్ ముగియబోతోంది, స్కోరు 2-1, సోవియట్ జట్టుదే పైచేయి. అమెరికా ఆటగాడు డేవ్ క్రిస్టియన్ చాలా దూరం నుంచి ఒక షాట్ కొట్టాడు. త్రెత్యాక్ అడ్డుకున్నాడు కానీ పక్ (హాకీ బిళ్ల) తిరిగి ముందుకే పోయింది. టైమ్ అయిపోయినట్టేనని డిఫెండర్లు వేగం తగ్గించారు. మార్క్ జాన్సన్ వాళ్ల మధ్య నుంచి దూసుకొచ్చి, ఒక్క సెకను మిగిలి ఉండగా గోల్ చేశాడు. విరామం తర్వాత కోచ్ విక్టర్ తిఖొనోవ్ ప్రపంచంలోనే మేటి గోల్‌కీపర్‌ను బెంచీ మీద కూర్చోబెట్టి రెండో గోల్‌కీపర్ మిష్కిన్‌ను దించాడు. అమెరికా 4-3తో గెలిచింది. అది తన కెరీర్‌లో అతిపెద్ద పొరపాటని తిఖొనోవే తర్వాతి కాలంలో ఒప్పుకున్నాడు.

నా దృష్టిలో అంతకంటే ముఖ్యమైన మలుపు 1983లో వచ్చింది. క్లబ్బులు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మాంట్రియల్ కెనడియన్స్ ఆయన్ని ఎంచుకుంది. ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో ఆడాలన్న కోరిక త్రెత్యాక్‌కూ ఉంది. సోవియట్ అధికారులు పంపలేదు. శిబిరాల్లో ఏడాదికి పదినెలలు బందీగా ఉండలేక, ఇంటి దగ్గరుండి సాధన చేసి మ్యాచ్‌లకు వస్తానని కోచ్‌ను అడిగాడు. తిఖొనోవ్ కుదరదన్నాడు. 32 ఏళ్లకే, ఇంకా మంచి ఆట మిగిలి ఉండగానే 1984లో రిటైరయ్యాడు. ఆ తర్వాత అయిదేళ్లకు సోవియట్ జట్టులోని ఫెతీసొవ్, లరియోనొవ్ లాంటి ఆటగాళ్లు బహిరంగంగా పోరాడి మరీ ఎన్‌హెచ్‌ఎల్ దారి పట్టారు. త్రెత్యాక్ పోరాడలేదు, వదిలేశాడు. ఎన్‌హెచ్‌ఎల్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడని ఆయనకు 1989లో టొరంటోలోని హాకీ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చోటిచ్చారు. సోవియట్ ఆటగాళ్లలో ఆ గౌరవం ముందుగా దక్కింది ఆయనకే. 1990 నుంచి ఎన్‌హెచ్‌ఎల్ జట్టు షికాగో బ్లాక్‌హాక్స్ గోల్‌కీపర్లకు శిక్షణ ఇచ్చాడు. ఆయన శిష్యుడు ఎడ్ బెల్ఫర్ గురువు మీద గౌరవంతో తర్వాత ఆయన నంబరైన 20వ నంబర్ జెర్సీ వేసుకున్నాడు.

రాజకీయాల్లోకి ఆయన వచ్చిన కాలం కూడా చూడాలి. సోవియట్ యూనియన్ కూలాక డబ్బు లేక, ఆటగాళ్లు విదేశాలకు పోయి, రష్యా హాకీ చితికిపోయింది. 1993 తర్వాత ప్రపంచ టైటిల్ లేదు. పుతిన్ హయాంలో ప్రభుత్వం మళ్లీ ఆటల మీద దృష్టి పెట్టింది. పాత చాంపియన్లను పిలిచి పదవులు ఇచ్చింది. ఫెతీసొవ్ 2002లో ప్రభుత్వ క్రీడా విభాగానికి అధిపతి అయ్యాడు. త్రెత్యాక్ 2003 డిసెంబర్‌లో డ్యూమాకు ఎన్నికై, క్రీడలు, యువజన వ్యవహారాల కమిటీకి అధ్యక్షత వహించాడు. 2006 ఏప్రిల్‌లో హాకీ సమాఖ్య పగ్గాలు అందుకున్నాడు. మన దేశంలో క్రీడా సంఘాల్లో కుర్చీలు పట్టే రాజకీయ నాయకులు మనకు కొత్త కాదు. అక్కడ తేడా ఏమిటంటే ఆటగాడే నాయకుడయ్యాడు, అదీ ఆ ఆటకు పేరు తెచ్చిన మనిషి. అందుకే ఆయన్ని వేలెత్తి చూపడం ఎవరికైనా కష్టమైంది.

ఫలితాలూ వచ్చాయి. 2008లో క్విబెక్ సిటీలో కెనడాను వాళ్ల గడ్డ మీదే ఓవర్‌టైమ్‌లో 5-4తో ఓడించి రష్యా 15 ఏళ్ల తర్వాత ప్రపంచ విజేత అయింది. 2009, 2012, 2014లోనూ గెలిచింది. ఒలింపిక్స్ మాత్రం కలిసిరాలేదు. 2010 వాంకూవర్ క్వార్టర్ ఫైనల్లో కెనడా చేతిలో 7-3తో చిత్తయింది. 2014లో సొంతగడ్డ సోచిలో ఫిన్లాండ్ 3-1తో ఇంటికి పంపింది.

ఆ సోచి ప్రారంభోత్సవంలో ఒలింపిక్ జ్యోతి వెలిగించింది ఇద్దరు: త్రెత్యాక్, ఫిగర్ స్కేటింగ్‌లో మూడుసార్లు ఒలింపిక్ చాంపియన్ ఇరీనా రద్నినా. అప్పటికి ఇద్దరూ యునైటెడ్ రష్యా తరఫున డ్యూమా సభ్యులే. దీన్ని నేను యాదృచ్ఛికం అనుకోను. ఆ క్రీడలే ప్రభుత్వ అండతో జరిగిన డోపింగ్ బాగోతానికి వేదికయ్యాయని 2016లో ప్రపంచ డోపింగ్ నిరోధక సంస్థ వేయించిన మెక్లారెన్ నివేదిక బయటపెట్టింది. ఫలితంగా 2018 ప్యాంగ్‌చాంగ్‌లో రష్యా ఆటగాళ్లు జెండా, జాతీయగీతం లేకుండా ఆడాల్సి వచ్చింది. ఎన్‌హెచ్‌ఎల్ ఆటగాళ్లు రాని ఆ ఒలింపిక్స్ ఫైనల్లో వాళ్లు జర్మనీని ఓవర్‌టైమ్‌లో 4-3తో ఓడించారు. పతకాల వేళ ఒలింపిక్ గీతం వినిపిస్తుంటే, దాని మీదుగా గొంతెత్తి తమ జాతీయగీతం పాడుకున్నారు. దేశం పేరు తీసేసినా మనసులోంచి తీసేయలేరని వాళ్లు చెప్పినట్టయింది. ఆ కుర్రాళ్ల ఉద్వేగం నిజమైనదే.

2022 ఫిబ్రవరి 20న బీజింగ్ ఫైనల్లో ఫిన్లాండ్ చేతిలో 2-1తో ఓడి వాళ్లు రజతం అందుకున్నారు. నాలుగు రోజులకు రష్యా సైన్యం ఉక్రెయిన్‌లోకి దిగింది. ఫిబ్రవరి 28న అంతర్జాతీయ హాకీ సమాఖ్య రష్యా, బెలారస్ జట్లను అన్ని స్థాయిల్లోనూ నిలిపివేసింది. ఆ ఫిబ్రవరి 15న ఉక్రెయిన్ తూర్పు ప్రాంతాలైన దొనెత్స్క్, లుహాన్స్క్‌లను స్వతంత్ర రాజ్యాలుగా గుర్తించమని పుతిన్‌ను కోరుతూ తీర్మానం చేసింది త్రెత్యాక్ సభ్యుడిగా ఉన్న ఆ డ్యూమాయే. 351 మంది అనుకూలంగా ఓటేశారు.

ఈ బహిష్కరణ న్యాయమా కాదా అన్న చర్చలో రెండు వైపులా గట్టి వాదనలున్నాయి. ఎన్‌హెచ్‌ఎల్‌లో రష్యా ఆటగాళ్లు రోజూ ఆడుతూనే ఉన్నారు, అక్కడ లేని ప్రమాదం ప్రపంచ పోటీల్లో ఎక్కడిదని అడిగేవాళ్లున్నారు. అది తీసిపారేయాల్సిన ప్రశ్న కాదు. కానీ ఆటను రాజకీయాలకు దూరంగా ఉంచండి అన్న మాట రష్యా హాకీ సమాఖ్య నుంచి వస్తే నిలబడదు. త్రెత్యాక్‌ను పిల్లప్పుడు సైన్యం క్లబ్బు చేరదీసింది, నడివయసులో ప్రభుత్వం మాంట్రియల్ దారి మూసేసింది, తర్వాత అదే ప్రభుత్వం సభలో సీటు, సమాఖ్యలో కుర్చీ ఇచ్చింది. రాజ్యం తన కెరీర్‌కు ఎలా అడ్డం పడిందో స్వయంగా చూసిన మనిషి, తన చేతికి పగ్గాలు వచ్చాక ఆటనూ రాజ్యాన్నీ వేరుచేసే ప్రయత్నం చేయకపోవడమే నన్ను బాధపెట్టే విషయం. చేయగలిగినంత పలుకుబడి ఉన్నవాళ్లు ఆ దేశంలో చాలా తక్కువమంది. వారిలో ఆయన ఒకరు.

నష్టపోతున్నది మాత్రం వేరేవాళ్లు. 2023 జూనియర్ ప్రపంచ పోటీలు నొవొసిబిర్స్క్‌లో జరగాల్సింది, కెనడాకు తరలిపోయాయి. అదే ఏడాది సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరగాల్సిన పురుషుల పోటీలు ఫిన్లాండ్, లాట్వియాలకు వెళ్లాయి. వాటి కోసం మొదలుపెట్టిన కొత్త స్టేడియాలు రెండూ పూర్తయి, ఇప్పుడు దేశవాళీ మ్యాచ్‌లకు పనికొస్తున్నాయి. జూనియర్ ప్రపంచ పోటీల్లో ఆడటానికి ఇరవై లోపు వయసుండాలి. 2022లో పదహారేళ్లున్న రష్యా కుర్రాడికి 2026 నాటికి ఆ వయసు దాటిపోతుంది, దేశం తరఫున ప్రపంచ జూనియర్ టోర్నీలో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే.