కణంలో ముద్రారాక్షసాలు

"సిస్టిక్ ఫైబ్రోసిస్‌కు మంచి మాత్రలు వచ్చేశాయి కదా, మళ్ళీ ఈ జన్యు చికిత్సల గొడవెందుకు?" అని ఒక పాఠకుడు అడిగారు. (తల్లిదండ్రుల నుంచి జన్యువుల ద్వారా వచ్చి, ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే జబ్బిది.) వచ్చిన మాట నిజమే. 2019లో అమెరికా అనుమతించిన ట్రైకాఫ్టా అనే మాత్ర చాలామందికి అక్షరాలా ఊపిరి పోసింది. కానీ ఆ మాత్ర రిపేరు చేయాలంటే లోపల ప్రొటీన్ అంటూ ఒకటి ఉండాలి. కొందరిలో అదే తయారు కాదు.

ఆ ప్రొటీన్ పేరు సీఎఫ్‌టీఆర్. కణం పొరలో కూర్చుని క్లోరైడ్‌ను దాటిస్తుంది. అది పనిచేయకపోతే ఊపిరితిత్తుల్లో కఫం జిగురులా చిక్కబడుతుంది, చెమటలో ఉప్పు పెరుగుతుంది. (ముద్దు పెడితే నుదురు ఉప్పగా తగిలిన బిడ్డకు చేతబడి జరిగిందని, ఎక్కువకాలం బతకదని ఒకప్పుడు యూరప్‌లో నమ్మేవారు. కారణం తప్పే గానీ పరిశీలన భేష్!)

జన్యువును మూడేసి అక్షరాల మాటలతో రాసిన 1480 మాటల వాక్యం అనుకోండి. యూరప్ మూలాలున్నవారిలో ఎక్కువగా కనిపించే ఎఫ్508డెల్ అనే తప్పులో 508వ మాట ఎగిరిపోతుంది. వాక్యం చివరిదాకా సాగుతుంది, ప్రొటీన్ మాత్రం సరిగా మడత పడదు. ట్రైకాఫ్టా ప్రధానంగా సర్దేది ఈ మడతనే.

డబ్ల్యూ1282ఎక్స్ అనే మరో తప్పు సంగతి వేరు. టీజీజీ అని ఉండాల్సిన చోట టీజీఏ పడుతుంది. టీజీఏ అంటే కణం భాషలో ఫుల్‌స్టాప్. ఇంకా 199 మాటలు ఉండగానే పని ఆగిపోతుంది. తమాషా ఏమిటంటే, చివర తెగిన ఆ ప్రొటీన్ కాస్తో కూస్తో పనిచేయగలదు. కణమే దాన్ని పుట్టనివ్వదు. జన్యువులోని ఈ వాక్యం ఎక్సాన్లు అనే 27 ముక్కలుగా ఉంటుంది. జన్యువు నుంచి కణం రాసుకునే నకలైన ఎంఆర్‌ఎన్‌ఏలో ఆ ముక్కలు అతికిన చోట్ల ప్రొటీన్ల గుర్తులు అంటుకుని ఉంటాయి. ప్రొటీన్‌ను తయారుచేసే యంత్రం రైబోజోమ్ ఆ నకలును చదువుతూ పోతూ వాటిని ఊడ్చేస్తుంది. మధ్యలో ఆగితే ముందున్న గుర్తులు అలాగే మిగిలిపోతాయి. అవి కనబడగానే అనుమానమొచ్చి, కణం ఆ ప్రతినే చింపేస్తుంది. ఒక్క అచ్చుతప్పుకు పుస్తకం మొత్తం తగలబెట్టే ప్రూఫ్‌రీడరన్నమాట!

ఈ జన్యువులో 2000కు పైగా మార్పులు దొరికాయి. ఆఫ్రికా, ఆసియా మూలాలున్నవారిలో ఎఫ్508డెల్ తక్కువ. అందుకే మాత్ర పనికిరానివారిలో వాళ్ళ వాటా ఎక్కువ. పుట్టిన బిడ్డలకు చేసే జన్యుపరీక్షల జాబితాలు కూడా ప్రధానంగా యూరప్ మూలాల రోగుల్ని చూసి తయారైనవే, కాబట్టి జబ్బున్నా దొరక్కపోవచ్చు. 'తెల్లవాళ్ళ జబ్బు' అని తరగతిలో చెప్పే ముక్క చేసిన చేటు ఇంతా అంతా కాదు.

తప్పు ఏదైనా సరే, జన్యువు మంచి ప్రతినే కణం లోపలికి పంపితే? ఈ ప్రయత్నాలు 1993లో అడినోవైరస్ అనే వైరస్‌ను వాహనంగా వాడి మొదలయ్యాయి. ఇంకో వాహనం ఏఏవీ వైరస్. అందులో సుమారు 4,700 అక్షరాలు పడతాయి. మన వాక్యానికి ఫుల్‌స్టాప్‌తో కలిపి 4,443 కావాలి. జన్యువును నడిపే స్విచ్చు కూడా మిగిలిన ఆ ఇరుకులోనే సర్దుకోవాలి. ఎంఆర్‌ఎన్‌ఏను కొవ్వు బుడగల్లో పెట్టి పీల్పిస్తే ఈ ఇరుకు లేదు, కానీ దాని ప్రభావం కొద్దికాలమే, మళ్ళీ మళ్ళీ పీల్చాలి. ఏది పంపినా ముందు ఆ జిగురు కఫాన్ని దాటాలి. దాటి పైకణాలకు చేరినా, అవి కొన్నాళ్ళకు రాలిపోయి కొత్తవి వస్తాయి. ఆ కొత్తవాటిని పుట్టించే మూలకణాలు వాటి అడుగున, ఇంకా లోపల దాక్కుని ఉంటాయి.