మత్తుపదార్థాలపై పరిశోధన: అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నంలో మత్తుపదార్థాల వాడకంపై పరిశోధన చేస్తున్నానని చెబితే ఎదుటివారు ముందుగా గంజాయి మాటే ఎత్తుతారు. మన్యం నుంచి దిగుతూ పట్టుబడిన మూటల వార్తలు తరచూ చదివే ఊరిలో అది సహజమే. (మా పిన్ని మాత్రం పెళ్లిళ్లలో నా గురించి "యూనివర్సిటీలో పనిచేస్తోంది" అని చెప్పి అక్కడితో ఆపేస్తుంది.)

అపోహ: ఈ రంగమంటే గంజాయే.

వాస్తవం: ఎయిమ్స్ నిర్వహించగా 2019లో వెలువడిన జాతీయ సర్వే ప్రకారం, 10 నుంచి 75 ఏళ్ల వయసువారిలో మద్యం తాగేవారు 14.6 శాతం కాగా, గంజాయి, భంగు వంటివి వాడేవారు 2.8 శాతం. కనుకనే మా పని ఎక్కువగా వైన్ షాపుల పరిసరాల్లో, హార్బరు వైపు పేటల్లో సాగుతుంది.

అపోహ: పరిశోధకులు పోలీసులకు సమాచారం చేరవేస్తారు.

వాస్తవం: "ఏటమ్మా, ఎక్సైజోళ్లేటి?" అన్న ప్రశ్న నాకు కొత్త కాదు. ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నిరోధక) చట్టం 27వ సెక్షన్ కింద మాదకద్రవ్యం వాడటమే నేరం కనుక ఆ భయానికి కారణం ఉంది. పరిశోధనలో పాల్గొనేవారికి హాని జరగకుండా చూసే నైతిక సమీక్షా సంఘం అనుమతి లేనిదే మేము ఎవరినీ ప్రశ్నించము. పేరుకు బదులు అంకె వేసుకుంటాము. సంతకమే మనిషిని పట్టించే ఆధారం కాగలదు కాబట్టి, సంఘం ఒప్పుకున్నచోట నోటిమాట సమ్మతితో సరిపెట్టుకుంటాము. స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకొచ్చే వ్యసనపరులకు, వాడకం లేదా స్వల్ప పరిమాణానికి సంబంధించిన కేసుల్లో అదే చట్టంలోని 64ఎ సెక్షన్ రక్షణ కల్పిస్తుందన్న సంగతి చాలామందికి మా దగ్గరే తెలుస్తుంది.

అపోహ: వాడకం మానకపోయినా దానివల్ల కలిగే హాని తగ్గించడమంటే అలవాటును ప్రోత్సహించడమే.

వాస్తవం: ఒకే సూదిని నలుగురు పంచుకుంటే హెచ్ఐవీ, హెపటైటిస్-సి సోకుతాయి, అందుకే జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ కార్యక్రమాల్లోనే శుభ్రమైన సూదులు, హెరాయిన్ వంటివాటికి బదులుగా నాలుక కింద పెట్టుకునే బుప్రెనార్ఫిన్ మాత్రలు ఇస్తారు.

అపోహ: మాల వేసుకుంటే తాగుడు దానంతట అదే పోతుంది.

వాస్తవం: కార్తీకంలో ఈ మాట వినని ఇల్లు ఉండదు. దీక్ష ఎందరికో ఆసరా అవుతుంది, కాదనను. కానీ ఏళ్ల తరబడి రోజూ విపరీతంగా తాగినవారు ఒక్కసారిగా మానేస్తే, తొలి రెండు మూడు రోజుల్లోనే చేతులు వణకడం, ఫిట్స్ రావడం, మతి తప్పి మాట్లాడటం, చికిత్స అందకపోతే ప్రాణమే పోవడం కూడా జరగవచ్చు. అటువంటివారు మాల వేసుకునే ముందే వైద్యుణ్ని కలిసి, వణుకును అదుపుచేసే మందులు, బి1 విటమిను తీసుకోవడం అవసరం. దీనికి దేవుడూ అడ్డుచెప్పడు, గురుస్వామీ అడ్డుచెప్పరాదు. హెరాయిన్ వంటి వాటి విషయంలో ప్రమాదం మానిన తర్వాత పొంచి ఉంటుంది: శరీరం పాత మోతాదును తట్టుకునే శక్తిని కోల్పోతుంది కనుక, కొన్ని వారాల విరామం తర్వాత అదే మోతాదు తీసుకున్నవారు ఊపిరి ఆగి మరణించవచ్చు.

అపోహ: పూర్తిగా మానకపోతే చికిత్స విఫలమైనట్టే.

వాస్తవం: మా తొలి ప్రశ్నావళిలోనూ "మానేశారా, లేదా?" అన్న రెండు గడులే ఉండేవి. ఒక మత్స్యకారుడు రెండింటినీ కాదని, "తాగుతున్నానమ్మా, కానీ ఈ నెల ఇరవై రోజులు బోటెక్కాను" అన్నాడు. తర్వాతి ప్రశ్నావళిలో పనికి వెళ్లిన రోజులకు ఒక గడి చేర్చాము.