గ్లాసు అడుగున మిగిలిపోయే పసుపు

గుంటూరులో మా అమ్మకి మోకాళ్ల నొప్పులు మొదలయ్యాక రోజూ రాత్రి గోరువెచ్చటి నీళ్లలో చెంచాడు పసుపు కలుపుకుని తాగేది. దుగ్గిరాల కొమ్ములు తెప్పించి ఆడించిన పొడే. తాగేశాక చూస్తే గ్లాసు అడుగున పసుపు మడ్డిలా పేరుకుని ఉండేది. అదే పొడి చిటికెడు పోపులో వేస్తే చాలు, నూనెంతా పచ్చగా అయిపోతుంది.

నూనెకి పట్టే ఆ రంగు పేరు కర్కుమిన్. వోగెల్, పెల్లెటియర్ అనే ఇద్దరు దీన్ని 1815లో వేరుచేశారు, అణువు ఆకారం తేలేసరికి 1910 వచ్చింది. పారాణి కోసం పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందే, పసుపు మరక మీద సబ్బు రుద్దినా ఎర్రబడుతుందే, అది క్షారం తగిలిన కర్కుమినే.

పసుపు వాపుని తగ్గిస్తుందనే సంగతికొస్తే, మన కణాల్లో ఎన్‌ఎఫ్ కప్పా బీ అనే ప్రొటీన్ ఉంటుంది. మామూలప్పుడు దాన్ని ఇంకో ప్రొటీన్ గట్టిగా పట్టుకుని కూర్చోబెడుతుంది. దెబ్బో ఇన్‌ఫెక్షనో తగిలితే ఆ పట్టు వదిలిపోయి, ఇది కణకేంద్రంలోకి వెళ్లి వాపు పుట్టించే జన్యువుల్ని పనిలోకి దింపుతుంది, అక్కణ్నుంచే టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, కాక్స్-2 లాంటి వాపు ప్రొటీన్లు తయారై నొప్పి, ఎరుపు, వేడి అన్నీ వస్తాయి. ల్యాబ్‌లో పెంచిన కణాల మీద కర్కుమిన్ వేస్తే ఆ పట్టు వదలనివ్వదు. ఇది చాలాసార్లు చూసిన విషయమే.

కానీ మోకాలు ల్యాబ్‌లో లేదు కదా. కర్కుమిన్ నీళ్లలో కరగదు, పేగుల్లోంచి లోపలికి వెళ్లేదే కొంచెం, ఆ కొంచాన్నీ పేగు గోడలు, కాలేయం కలిసి వెంటనే మార్చేసి బయటికి పంపేస్తాయి. పైగా పసుపులో కర్కుమిన్ ఉండేది సుమారు 3 శాతమే, అంటే 3 గ్రాముల చెంచాలో 90 మిల్లీగ్రాములు. థాయ్‌లాండ్‌లో 2014లో వచ్చిన అధ్యయనంలో కీళ్ల అరుగుదల ఉన్న 367 మందిలో కొందరికి రోజుకి 1500 మిల్లీగ్రాముల పసుపు సారం, మిగతావాళ్లకి ఐబుప్రొఫెన్ అనే నొప్పి మాత్ర నాలుగు వారాలు ఇస్తే నొప్పి దాదాపు ఒకేలా తగ్గింది. నాకు ఆశ కలిగించిన ఫలితం ఇది. అయితే ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన మూడో గుంపు అందులో లేదు, కాబట్టి దాన్నే పట్టుకుని మాత్రలు మానేయమని ఎవరికీ చెప్పను.

మిరియాలు కలిపితే పసుపు బాగా ఒంటపడుతుందనే మాట మాత్రం నిజం. బెంగళూరులో 1998లో 2 గ్రాముల కర్కుమిన్‌తో 20 మిల్లీగ్రాముల పైపరిన్, అంటే మిరియాల ఘాటు పదార్థం, కలిపి ఇస్తే రక్తంలోకి చేరేది దాదాపు 20 రెట్లు పెరిగింది. కాలేయం చేసే పనిని పైపరిన్ నెమ్మదింపజేస్తుంది కాబట్టి. దయచేసి ఇక్కడ ఒక్క క్షణం ఆగండి: మీరు వేసుకునే ఇతర మందుల్నీ బయటికి పంపేది ఆ కాలేయమే. బాగా ఒంటపట్టేలా చేసిన పసుపు క్యాప్సూల్స్ వాడి కాలేయం దెబ్బతిన్నవాళ్లున్నారు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు, పిత్తాశయంలో రాళ్లున్నవాళ్లు డాక్టర్‌ని అడక్కుండా ఆ డబ్బా మూత తీయకూడదు. కూరలో వేసుకునే పసుపుకి ఈ భయం లేదు.

అమ్మ ఇప్పుడు ఆ నీళ్లు మానేసింది. పసుపు పప్పులోకి పోతోంది, డాక్టర్‌గారు నేర్పిన తొడ కండరాల వ్యాయామం మాత్రం కుర్చీలో కూర్చుని రెండు పూటలా చేస్తోంది.