భద్రాచలంలో 43 అంటే 43 అడుగుల లోతు కాదండీ బాబూ

ధవళేశ్వరం దిగువన గోదారి ఏటిగట్టు మీద వరద డ్యూటీలు చేసీ చేసీ జుట్టు నెరిసిపోయింది నాకు. జులై వచ్చిందంటే చాలు చుట్టాల ఫోన్లు మొదలు, "భద్రాచలంలో 43 అంట, మీ దగ్గర 11 ఏనంటగా, ఇంక భయం లేనట్టేనా?" అని. అందుకే ఈ పోస్టు.

ముందు ఆ 43 సంగతి. అది నది లోతు కాదు. గేజీకి, అంటే నీటిమట్టం చూసే గీతల స్కేలుకి, సున్నా ఎక్కడ పెట్టారో అక్కణ్ణించి లెక్క, ఏ గేజీ సున్నా దానిదే. భద్రాచలంలో 43, 48, 53 అడుగులకి మూడు హెచ్చరికలు, అవే మూడు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర 11.75, 13.75, 17.75. పదకొండేగా అనుకునేరు, అప్పటికే సముద్రంలోకి 10 లక్షల క్యూసెక్కులు (క్యూసెక్కు అంటే సెకనుకి ఒక ఘనపుటడుగు నీళ్లు) పోతుంటాయి. పైగా ఆ అంకె చూడ్డం టీవీలో చూసినంత ఈజీ కాదు, అర్ధరాత్రి టార్చి వేసి చూస్తే ఒక అల పై గీతని కొట్టుద్ది, తర్వాతది కింద గీత దగ్గరే ఆగిపోద్ది, కాసేపు అలాగే నిలబడి మధ్యది రాసుకోవాలి, మళ్లీ గంటకి ఇదే పని. నన్నడిగితే అంకె కంటే గంటకి ఎంత పెరిగిందన్నదే అసలు వార్త.

అపోహ: మా ఊళ్లో ఎండ కాస్తోంది, వరదేంటి?
మీ ఊరి వానతో గోదారికి పన్లేదు. ప్రాణహిత, ఇంద్రావతి, శబరి పైన ఎక్కడో కురిసిందే మనకి వచ్చేది. భద్రాచలం దాటిన నీళ్లు మా దాకా రావడానికి దాదాపు ఒక రోజు పడుద్ది, సామాన్లు సర్దుకోడానికి ఆ రోజే ఉంది.

అపోహ: గేట్లెత్తి మమ్మల్ని ముంచేశారు.
ఇది వింటే ఒళ్లు మండుద్ది నాకు. 2024 సెప్టెంబరు మొదట్లో విజయవాడ ప్రకాశం బ్యారేజీకి 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, ఆ బ్యారేజీలో పట్టేది 3 టీఎంసీల చిల్లర (టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు). లెక్కేసుకోండి, ఖాళీగా ఉన్నా ముప్పావు గంటలో నిండిపోద్ది. ఇంక ఆపేదేంటి? శ్రీశైలం, సాగర్ లాంటి పెద్ద డ్యాముల్లో ముందే ఎంత ఖాళీ ఉంచారు అని అడగండి, అది న్యాయమైన ప్రశ్న, బ్యారేజీని మాత్రం తిట్టకండి. ఇంకోటి, ఆ రోజుల్లో సింగ్ నగర్ని ముంచింది కృష్ణ కాదు, గండ్లు పడ్డ బుడమేరు. పెద్ద నది గేజీ చూస్తూ కూర్చుంటే పక్కనున్న వాగు కొంప ముంచుద్ది.

చివరిది, వరద లాగేస్తోంది కదా, ఇంక పడుకోవచ్చు అని.

మేం అప్పుడే పడుకోం. రోజుల తరబడి నానిన గట్టుకి అప్పటిదాకా ఎదర నుంచి నీటి దన్ను ఉంటది, నది ఒక్కసారి దిగిపోతే ఆ దన్ను పోయి గట్టు లోపలి నీళ్ల బరువుకి నదివైపు మట్టి జారిపోద్ది. ఊరివైపు గట్టు మొదట్లో ఊట కనిపిస్తే దోసిట్లో పట్టి చూస్తాం. తేటగా ఉంటే రాత్రంతా ఒక మనిషిని కాపలా పెడతాం. మట్టి కలిసి వస్తోందా, లోపల గట్టు కరుగుతున్నట్టే, ఇంక ఇసుక బస్తాల లారీ ఎక్కడుందని అరుపులే.