ఇల్-2 దాడి విమానం కవచం: అపోహలు – వాస్తవాలు

కవచ ఉక్కు తయారీలోనూ, దాని పరీక్షల్లోనూ నా ఉద్యోగ జీవితం గడిచింది. ఇంజినీరింగ్ కళాశాలల్లో ఈ విషయం మీద మాట్లాడిన ప్రతిసారీ రెండో ప్రపంచ యుద్ధంనాటి సోవియట్ దాడి విమానం ఇల్-2 ప్రస్తావన వస్తుంది. దానితోపాటే “మామూలు విమానానికి మందపాటి ఉక్కు పలకలు బిగించారు, అందుకే తూటాలు దాన్ని ఏమీ చేయలేకపోయాయి” అనే మాట కూడా వస్తుంది. ఈ ఒక్క వాక్యంలో రెండు తప్పులున్నాయి. మొదటిది డిజైన్లను పాడుచేస్తుంది. రెండోది ప్రాణాల మీదికి తెస్తుంది.

అపోహ: ముందు విమానాన్ని తయారుచేసి, తర్వాత దానికి కవచం బిగించారు.

వాస్తవం: ఆ పద్ధతిలో బాగుపడలేమని గ్రహించిన తర్వాతే ఇల్-2 పుట్టింది. 1930ల ఆరంభంలో సోవియట్ డిజైనర్లు చదునైన కవచ పలకలతో దాడి విమానాలు చేసి చూశారు. అవి బరువెక్కాయి, గాలిని కోసుకుపోయే ఆకృతి దక్కలేదు, పెద్ద ఎత్తున ఉత్పత్తికి నోచుకోలేదు. విమాన పరిశ్రమ పరిపాలనలో ఉన్నత పదవిలో ఉన్న సెర్గేయ్ ఇల్యూషిన్ 1938 జనవరిలో, తనను ఆ బాధ్యతల నుంచి తప్పించి కవచ విమానం రూపకల్పనకు అనుమతించాలని ప్రభుత్వానికి లేఖ రాశారు. ఇంజిను, రేడియేటర్, ఇంధన ట్యాంకులు, కాక్‌పిట్ అన్నింటినీ ఒకే ఉక్కు పెంకులో అమర్చి, ఆ పెంకునే విమానం ముందు భాగపు నిర్మాణంగా మార్చాలన్నది ఆయన ఆలోచన. అంటే ఇంజినును పట్టి ఉంచేదీ, ఎగిరేటప్పుడు కలిగే ఒత్తిళ్లను భరించేదీ, తూటాను ఆపేదీ ఒకే లోహం. ఐదు టన్నులు దాటిన విమానంలో ఆ కవచం దాదాపు 700 కిలోలు ఉండేది. అస్థిపంజరాన్ని వేరుగా కట్టి, దానిపై అంత కవచాన్ని మోయించి ఉంటే బాంబులకూ ఇంధనానికీ మిగిలే బరువు ఎంతో తగ్గిపోయేది.

ఈ ఆలోచనను సాధ్యం చేసింది లోహశాస్త్రమే. ఆ సంగతి చెప్పకుండా ఇల్-2 కథ చెప్పడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది. గట్టిపరిచిన కవచ ఉక్కును వంచబోతే పగులుతుంది. మెత్తగా ఉన్నప్పుడే వంచి, ఆ తర్వాత కాల్చి నూనెలో క్వెంచింగ్ చేస్తే, అంటే గట్టిపడేలా ఒక్కసారిగా చల్లారిస్తే, మెలితిరిగి, పక్క పలకతో అంచు కలవదు, రివెట్ రంధ్రాలు ఎదురెదురుగా నిలవవు. అందుకే అంతకుముందు కవచమంటే చదును పలకలే. మాస్కోలోని విమాన పదార్థాల పరిశోధన సంస్థ వియామ్‌లో సెర్గేయ్ కీష్కిన్, నికొలాయ్ స్క్ల్యారోవ్ ఏబీ-1 అనే ఉక్కును రూపొందించి, రెండు దిశల్లోనూ వంపు తిరిగిన పలకలను ప్రెస్ మీద తీర్చి, ఆకృతి చెడకుండా గట్టిపరిచే మార్గం చూపారు.

ఇప్పటికీ ఈ పాఠం నేర్వకుండా నష్టపోయేవాళ్లను చూస్తూనే ఉన్నాను. ఒక చిన్న పరిశ్రమ వారు గట్టిపరిచిన మంచి పలకను కొని, గ్యాస్ మంటతో కోసి, వేడిచేసి వంచి, వాహనం తలుపుకు వెల్డింగ్ చేసి పరీక్షకు తెచ్చారు. పలక మధ్యలో తూటా ఆగింది. మంట తగిలిన అంచు దగ్గర మాత్రం సులువుగా దూసుకుపోయింది. పలక ధ్రువపత్రం సరైనదే, కానీ ఆ ధ్రువపత్రం మంట తగలని ఉక్కుకు ఇచ్చినది.

కవచం బరువు ఇంజిను ఎంపికనూ శాసించింది. 1939 అక్టోబరు 2న టెస్ట్ పైలట్ వ్లదీమిర్ కొక్కినాకీ తొలిసారి ఎగిరించిన రెండు సీట్ల నమూనాలో ఉన్నది ఎక్కువ ఎత్తుల్లో ఎగిరేటప్పుడు బాగా పనిచేసే ఏఎం-35 ఇంజిను. నేలకు దగ్గరగా ఎగిరే ఈ విమానానికి దాని శక్తి చాలలేదు. ఇంజిన్ల రూపకర్త మికూలిన్ బృందం తక్కువ ఎత్తుల కోసం ఏఎం-38ను సిద్ధం చేసింది. వెనక కూర్చుని మరతుపాకి పేల్చే గన్నర్ సీటును తీసేసి, ఆ చోట ఇంధన ట్యాంకును పెంచిన ఒంటి సీటు నమూనా 1940 అక్టోబరు 12న ఎగిరింది; మరుసటి ఏడాది వొరొనెజ్ కర్మాగారం నుంచి తొలి విమానాలు బయటికి వచ్చాయి.

అపోహ: ఇల్-2 కవచాన్ని ఏ తూటా ఛేదించలేదు.

వాస్తవం: పలకల మందం చోటును బట్టి సుమారు 4 నుంచి 12 మిల్లీమీటర్లు. అవి రైఫిల్ తూటాలనూ, పేలిన గుండ్ల ముక్కలనూ, ఏటవాలుగా తగిలే దెబ్బలనూ తట్టుకోవడానికి ఉద్దేశించినవి. వెనక నుంచి సూటిగా తగిలే 20 మిల్లీమీటర్ల గుండు వాటిని ఛేదించగలదు. 37 మిల్లీమీటర్ల విమాన విధ్వంసక గుండు సంగతి చెప్పనక్కరలేదు. సుమారు 36,000 ఇల్-2లు తయారైతే, పోరాటంలోనే 10,000కు పైగా నాశనమయ్యాయి. ఆ విమానం దెబ్బలు తిని కూడా తిరిగి వచ్చిన సందర్భాలు నిజమే. వాటిని చూపి దాన్ని అభేద్యమని ప్రచారం చేయడం అందులో చనిపోయిన వేలమందిని మరచిపోవడమే.

ఈ అపోహ మీద నేను ఇంతగా పట్టుబట్టడానికి కారణముంది. భద్రతా దళాల్లో చేరిన పిల్లల తల్లిదండ్రులు “మావాడి జాకెట్‌లో పలక ఎన్ని మిల్లీమీటర్లు ఉంటే మంచిదండీ?” అని అడుగుతుంటారు. వాళ్ల భయం నాకు అర్థమవుతుంది, అందుకే ఒట్టి ధైర్యం చెప్పి పంపలేను. ఏ తూటాకు, ఎంత దూరం నుంచి, ఏ కోణంలో పరీక్షించారు, రక్షణ ఎక్కడితో ఆగిపోతుంది అన్నవి తెలియాలి. ఒక్క మందం చెప్పి ఊరుకుంటే వినేవాళ్లకు ఏమీ చెప్పినట్టు కాదు.

విమానమంతా ఉక్కేనన్న మాట కూడా తప్పు. వెనక భాగం ఎక్కువగా చెక్కతో చేసినదే. మన వైమానిక దళం దీన్ని వాడిందనేదీ నిజం కాదు. 1971 యుద్ధంలో మనవాళ్లు నడిపిన సోవియట్ దాడి విమానం సుఖోయ్-7.

అపోహ: గన్నర్‌ను తిరిగి చేర్చడంతో లోపమంతా తీరిపోయింది.

వాస్తవం: వెనక రక్షణ లేని ఒంటి సీటు విమానాలను జర్మన్ ఫైటర్లు వేటాడడంతో, 1942 చివర్లో 12.7 మిల్లీమీటర్ల మరతుపాకితో గన్నర్‌ను మళ్లీ కూర్చోబెట్టారు. అయితే అప్పటికే ఒంటి సీటుకు తగినట్టు స్థిరపడిన కవచ పెంకు పైలట్ వీపు వెనకే ముగిసేది. పెంకే నిర్మాణం కావడంతో, ఉత్పత్తి ఆపకుండా దాన్ని వెనక్కి పొడిగించడం తేలిక కాదు. ఫలితంగా గన్నర్ పెంకు బయటే, అరకొర రక్షణతో కూర్చున్నాడు. పైలట్ల కంటే గన్నర్లే ఎక్కువగా ప్రాణాలు కోల్పోయారు. పైగా ఆ బరువుకు విమానం గురుత్వ కేంద్రం వెనక్కి జరిగి నియంత్రణ కష్టమైంది. రెక్కల చివరి భాగాలను వెనక్కి వాల్చి ఆ తేడాను సరిదిద్దారు. గన్నర్ కూడా కవచం లోపలికి చేరింది, మొదటి నుంచీ ఇద్దరిని లెక్కలో పెట్టుకుని గీసిన ఇల్-10లో. అది తొలిసారి ఎగిరింది 1944లో.