ఓరుగల్లు కట్టెతో తంత్రీ వాద్యాలు: అపోహలు – వాస్తవాలు

అపోహ: మన అడవి కట్టెకు నాదం రాదు, విదేశీ స్ప్రూస్ కలప తెప్పించాల్సిందే.

వాస్తవం: పైపలకకు (తీగల కంపనంతో మోగే పై చెక్కకు) కావాల్సింది తక్కువ బరువు, తగినంత బిగువు. గుమ్మడిటేకు ఇందుకు పనికొస్తుంది. స్ప్రూస్ కంటే బిగువు కాస్త తక్కువ కాబట్టి లోపలి ఆనుబద్దలు గట్టివి వేయాలి. టేకు బరువెక్కువ. స్ప్రూస్ మందమే దానికీ ఉంచితే మోత మందగిస్తుంది. తట్టి వింటూ, వంచి చూస్తూ పలచన చేయాలి. మెడకు మాత్రం టేకే మా మొదటి ఎంపిక, ఎండకూ వానకూ అంతగా కదలదు. వేళ్లు ఆడే పట్టీకి ఇరుగుడు చేవ (చెట్టు నడిమి గట్టి కట్టె). నిర్మల్ బొమ్మల పొణికి తేలికే కానీ, తీగల ఒత్తిడికి, అవి ఆనే బ్రిడ్జి కింద నొక్కుకుపోతుంది.

అపోహ: సామిల్లులో కోయించి మూడు నెలలు ఎండబెడితే చాలు.

వాస్తవం: మన దగ్గర వాద్యాలు ఎక్కువగా పగిలేది ఈ తొందర వల్లే. అంగుళం మందానికి నీడలో దాదాపు ఏడాది పడుతుంది. చెట్టు కొట్టిన రోజే దుంగ రెండు కొసలకూ మైనమో పెయింటో పూయాలి, లేదంటే అక్కడి తేమ ముందే పోయి పర్రెలు పడతాయి. పలకల మధ్య ఒకే మందం బద్దలు అడుగున్నరకొకటి, కింది బద్ద మీదికే పై బద్ద వచ్చేలా పెట్టాలి. ఎండలో పరిస్తే పైపొర బిగుసుకుని లోపల పచ్చిగానే ఉంటుంది.

తేమ మీటర్ లేదా? చిన్న ముక్క తూచి, 103 డిగ్రీల ఓవెన్‌లో బరువు తగ్గడం ఆగేదాకా ఉంచండి. 108 గ్రాములు 100 అయితే తేమ 8 శాతం. 8–10 మధ్య ఉంటేనే పనికి ఎత్తుకోవాలి. పైపలక అతకడం దీపావళి దాటాక, శివరాత్రి లోపు, గది తేమ 45–50 శాతం ఉన్నప్పుడు మేలు. శ్రావణంలో అతికిన పలక మే నెల ఎండకు కుంచించుకుపోయి నడిమికి చీలుతుంది.

అపోహ: అమావాస్యకు కొడితే పురుగు పట్టదు.

వాస్తవం: పురుగుకు కావాల్సింది బెరడు కింది తెల్లకట్టెలోని పిండి. చేవ తగిలేదాకా చెక్కేయండి.

అపోహ: పట్టా భూమిలోని టేకుకు ఎవరినీ అడగక్కర్లేదు.

వాస్తవం: కొట్టడానికి అటవీ శాఖ అనుమతి, తరలించడానికి పర్మిట్ ఉండాలి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం సొంత భూమి చెట్లకూ వర్తిస్తుంది. కూల్చిన పెంకుటిళ్ల దూలాలు కొనడం ఇంతకంటే సులువు, కొన్న రసీదు దాచుకోండి. కోసే ముందు అయస్కాంతంతో మేకులు వెతకాలి, కోశాక పలకలను వెంటనే వాడకుండా నెల రోజులు ఉంచి, వంగేవి వంగనివ్వాలి.

అపోహ: టేకుకు జిగురు పట్టదు.

వాస్తవం: అడ్డుపడేది కట్టెలోని నూనె. అతికే రోజే చిత్రిక పట్టి, అసిటోన్ గుడ్డతో తుడిచి, అది ఆరగానే జిగురు రాయండి. తెల్లారి దాకా వదిలేస్తే నూనె మళ్లీ పైకి వస్తుంది.